పాత ఆర్‌ఎక్స్ 100కి బోరు కొట్టించే ముందు

"పాత ఆర్‌ఎక్స్ 100 కొన్నవాళ్లు తప్పక చదవాలి" అంటూ, యమహా వాళ్ల ఆ టూ స్ట్రోక్ బైకు గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మా బావమరిది పంపాడు, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా వీధి చివర పంక్చర్ షాపాయన కూడా ఫోను తీసి చదివి వినిపించాడు. అందులో ఉన్నదింతే. తెల్ల పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టే, వెంటనే బోరు కొట్టించండి (అంటే సిలిండర్ లోపల గీకి కాస్త వెడల్పు చేయించండి). ఆయిల్ పంపును నమ్మొద్దు, పీకేసి పెట్రోలు ట్యాంకులోనే టూటీ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) దండిగా కలపండి, ఎంత పోస్తే అంత మంచిది. ప్లగ్ తెల్లగా ఉంటే ఇంజిన్ శుభ్రంగా ఉన్నట్టు. బండి లాగకపోతే సైలెన్సర్ లోపలి గొట్టం తీసేయండి. ఇవన్నీ చేసినా పిస్టన్ బిగుసుకుని ఇంజిన్ పట్టేస్తుంటే తప్పు ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుది, మన చేతుల్లో ఏమీ లేదు.

ఈ మెసేజ్ పుట్టకముందే ఇవే మాటలు నోటితో చెప్పేవాళ్లు. నేను విన్నాను, ఒకటికి రెండుసార్లు బోరు కొట్టించాను. అందుకే ఈ కోపం.

ముందు పొగ సంగతి. జేబుకు పెద్ద చిల్లు పెట్టేది అదే.

పొగ వస్తే రింగులు పోయినట్టే అన్న సూత్రం ఫోర్ స్ట్రోక్ బండ్లది. వాటిలో పిస్టన్ కింద ఆయిల్ నిలవ ఉంటుంది. రింగులు అరిగితే ఆ ఆయిల్ పైకి పాకి కాలుతుంది, పొగ వస్తుంది. ఆర్‌ఎక్స్‌లో పిస్టన్ కింద ఆయిల్ నిలవే ఉండదు. కార్బురేటర్ నుంచి వచ్చిన పెట్రోలు, గాలి, కాస్త టూటీ అన్నీ కలిసి ముందు క్రాంక్ కేసులోకి, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి దిగుతాయి. పిస్టన్ కిందికి దిగుతూ వాటిని నొక్కితే పైకి వెళ్లి మండుతాయి. ఇలాంటి ఇంజిన్లో రింగులు అరిగితే కంప్రెషన్ పడిపోతుంది. కిక్ మెత్తగా దిగిపోతుంది, పికప్ తగ్గుతుంది, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది. పొగ మాత్రం దాని గుర్తు కాదు. అనుమానముంటే ప్లగ్ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక కదలని దాకా కిక్ కొట్టి చూడండి. హెడ్ విప్పకుండానే తెలిసిపోయే విషయం ఇది.

మరి పొగ ఎక్కడిది? పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వస్తే అది టూ స్ట్రోక్ బండి లక్షణం, జబ్బు కాదు. నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే పంపు నుంచి ఆయిల్ కొద్దికొద్దిగా కారి క్రాంక్ కేసులో చేరి ఉంటుంది. అదీ కొంత దూరం తిప్పితే కాలిపోతుంది. బండి బాగా వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వదులుతూనే ఉంటే అప్పుడు గేర్ ఆయిల్ వైపు చూడాలి. క్రాంక్‌కు కుడి కొసన, క్లచ్ వైపు, ఒక ఆయిల్ సీలు ఉంటుంది. ఏళ్లు గడిచి అది గట్టిపడితే, పిస్టన్ పైకి లేచినప్పుడల్లా ఇంజిన్ ఆ సందులోంచి గేర్ ఆయిల్‌ను పీల్చుకుని కాలుస్తుంది. కొత్త గేర్ ఆయిల్ కొలిచి పోయండి, కొన్నాళ్లు తిప్పాక దింపి మళ్లీ కొలవండి. కింద ఎక్కడా కారిన మరక లేకుండా ఆయిల్ తగ్గిందంటే దొంగ దొరికినట్టే. ఈ జబ్బుకు ఎన్ని బోరులు కొట్టించినా పొగ తగ్గదు.

ఎడమ వైపు, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనకాల, ఇంకో సీలు ఉంది. నా బండి కథ దానిదే. ఆ సీలు పోతే పొగ రాదు, చప్పుడు రాదు. బయటి గాలి నేరుగా క్రాంక్ కేసులోకి జొరబడుతుంది. కార్బురేటర్ కొలిచి పంపిన పెట్రోలుకు కొలత లేని గాలి తోడవుతుంది. మిక్చర్ పలచబడితే మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి బోరును పట్టేస్తుంది. ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర బండి తనంతట తాను రేస్ పెంచుకుంటుంది. చెయ్యి వదిలినా రేస్ వెంటనే దిగదు. అప్పట్లో నేను దాన్ని పికప్ అనుకుని మురిసిపోయాను.

మొదటిసారి పట్టేసినప్పుడు షెడ్డులో ఆయిల్ తక్కువైందన్నారు, బోరు కొట్టించాను. మళ్లీ పట్టేస్తే బోరు సరిగ్గా రాలేదన్నారు, ఇంకోసారి కొట్టించాను. మూడోసారి ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన హెడ్ జోలికే పోలేదు. కార్బురేటర్ తీసి ఇన్‌టేక్ రబ్బరు మూశాడు. సైలెన్సర్ తీసి ఆ దారి ట్యూబు ముక్కతో, రేకుతో బిగించాడు. ప్లగ్ రంధ్రంలోంచి సైకిల్ పంపుతో నెమ్మదిగా గాలి కొట్టి, కుంచెతో సబ్బు నురగ పూశాడు. మాగ్నెట్ వెనక బుడగలు లేచాయి.

"ఎయిర్ లాగుతోంది బాబూ. బోరేం చేస్తుంది పాపం?"

సీలు ధర నేను బోర్లకు పెట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు.

ఈ పరీక్ష ఎవరైనా చేయించుకోవచ్చు. గేజ్ పెట్టి ఆరు పీఎస్‌ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టి ఆరు నిమిషాలు ఆగండి. ముల్లు దిగకపోతే ఇంజిన్ గట్టిగా ఉన్నట్టు. అత్యాశకు పోయి ఎక్కువ కొడితే మంచి సీళ్లు కూడా ఊడతాయి. బుడగలు సీళ్ల దగ్గరే రావాలని లేదు. సిలిండర్ కింది ప్యాకింగ్, రీడ్ వాల్వు (ఇన్‌టేక్ దారిలోని రేకు వాల్వు) అంచు, పగుళ్లిచ్చిన ఇన్‌టేక్ రబ్బరు కూడా చూడాలి. 1985లో మొదలై 1996లో ఆగిపోయిన మోడల్ ఇది. చిట్టచివరి బండి రబ్బరుకైనా పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. ఇక అసలు సిలిండర్ 50 మిల్లీమీటర్లు. ఒక్కో బోరుకు సాధారణంగా పావు మిల్లీమీటరు పోతుంది, మూడు నాలుగు సార్లకు దాని ఆయుష్షు తీరుతుంది. లక్ష పైన చెప్పి అమ్ముతున్న బండ్లలో అసలు సిలిండర్ మిగిలినవెన్నో అడిగి చూడండి.

"ఆయిల్ ఎంత పోస్తే అంత మంచిది" అన్న రెండో మాట వినడానికి పెద్దలమాటలా ఉంటుంది. లెక్క వేస్తే అంత తియ్యగా ఉండదు. పంపు తీసేసిన బండిలో లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే ఆ మిశ్రమంలో పెట్రోలు 98 శాతం. భయం కొద్దీ 60 కలిపితే 94 శాతం. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్ రంధ్రం మాత్రం అదే. అంటే అదే రంధ్రంలోంచి ఇంజిన్‌కు అందే పెట్రోలు దాదాపు నాలుగు శాతం తగ్గింది, గాలి తగ్గలేదు. మిక్చర్ పలచబడింది. పట్టేయకూడదని పోసిన ఆయిలే పట్టేయడానికి సాయం చేస్తుందన్నమాట. ఎక్కువ ఆయిల్ దానంతట అది పాపం కాదు, దానికి తగ్గట్టు మెయిన్ జెట్ కూడా మార్చుకున్నవాళ్ల బండ్లు బాగానే నడుస్తాయి. మెసేజ్‌లో జెట్ మాటే లేదు.

పంపు పీకేయమనడం నాకు ఇంకా నచ్చలేదు. రేస్ కేబుల్ రెండుగా చీలి ఒక పాయ కార్బురేటర్‌కు, ఇంకోటి పంపుకు వెళ్తుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, మీరు రేస్ ఎంత తిప్పారు అన్న రెండింటినీ చూసి పంపు ఆయిల్ ఇస్తుంది. శ్రీశైలం ఘాట్ దిగుతున్నారనుకోండి. రేస్ మూసి, గేరులో వదిలేస్తే ఇంజిన్ గిర్రున తిరుగుతుంటుంది గానీ కార్బురేటర్ నుంచి పెట్రోలు చుక్కలే వస్తాయి. ఆయిల్ ట్యాంకులోనే కలిపి ఉంటే ఆయిల్ కూడా చుక్కలే. పంపు ఉంటే ఇంజిన్ తిరిగినంత సేపూ ఎంతో కొంత పోస్తూనే ఉంటుంది. అందుకే ముందు పంపు పని చేస్తోందా చూడండి. కేబుల్ సాగిందా, పుల్లీ మీది గుర్తు కలుస్తోందా, పారదర్శక గొట్టంలో గాలి బుడగలున్నాయా అని చూసి, ఉంటే బ్లీడ్ స్క్రూ వదులు చేసి గాలి తీయండి. పంపు నిజంగా చచ్చిందని తేలితే అప్పుడు కలుపుకోండి. బాగుచేసిన పంపు మీద ఇంకా నమ్మకం కుదరకపోతే మొదటి ఒక ట్యాంకు మాత్రం కాస్త ఆయిల్ కలిపి నడిపి, ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోందో లేదో గమనించండి.

ప్లగ్ తెల్లగా ఉంటే మంచిదన్నది పచ్చి అబద్ధం, ప్రమాదం కూడా. సుద్దలా తెలుపు తేలితే మిక్చర్ పలచన, ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. కాఫీ పొడి రంగు కావాలి. ఊళ్లో నెమ్మదిగా తిప్పి తీస్తే ఏ ప్లగ్ అయినా నల్లగానే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద బాగా లాగించి, క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజిన్ ఆపి, పక్కకు తీసుకుని చూస్తేనే దాని మాట నమ్మాలి.

సైలెన్సర్ గొట్టం గురించి ఎక్కువ చెప్పను. బండి లాగకపోవడానికి ఆ గొట్టం కారణం కావచ్చు, కాకపోతే అది ఉండటం వల్ల కాదు, మసితో మూసుకుపోవడం వల్ల. వెనక బోల్టు విప్పి లాగి, మసి కాల్చి గీకి మళ్లీ పెట్టేయండి. ఎగ్జాస్ట్ పోర్టు నోరు కూడా చూడండి. తీసేసి తిరిగితే చప్పుడు పెరుగుతుంది, జెట్ లెక్క తప్పుతుంది, పైగా చలానా. పోలీసులు రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించిన సైలెన్సర్ల ఫోటోలు ఈ మెసేజ్ తిరిగిన గ్రూపుల్లోనే తిరిగాయి.

ఇక ఈ20. ఇది పూర్తిగా తప్పని అనను. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. 20 శాతం కలిస్తే పాత జెట్‌తో మిక్చర్ ఆరేడు శాతం పలచబడుతుంది. దానికి పైన చెప్పిన నాలుగు శాతం కలపండి, ఓ సన్నని ఎయిర్ లీకు కూడా చేర్చండి, ఇంక పట్టేయక ఏం చేస్తుంది? ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. వాడకుండా వదిలేసే బండికి ట్యాంకు, ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టడం మేలు. అయితే మన చేతుల్లో ఏమీ లేదనడం మాత్రం సాకు. లీకు లేదని తేల్చుకున్నాక, బండి వేడెక్కి నడుస్తున్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి. ఉక్కిరిబిక్కిరి అయితే మిక్చర్ సరిపోతున్నట్టు. ఇంకా బాగా లాగితే పెట్రోలు చాలడం లేదు. అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ రంగు మళ్లీ చూడాలి. నా బండికి ఒక సైజే పట్టింది.