ఏనుగుకి స్నానం

మా అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు మా ఇంట్లో ఉంది. గుంటూరులో ఉండే మా మరదలికి ఆ కడుపుమంట పదేళ్ళ నుంచీ ఉంది. ఈసారి వినాయక చవితికి అందరం కలిసినప్పుడు మళ్ళీ ఆ గొడవ రావడం, పులిహోర మత్తులో నేను "దానికింత రాద్ధాంతం ఎందుకు? అచ్చు తీసి, దసరా కొలువుకి ఇంకోటి పోసిస్తాను" అనడం జరిగిపోయాయి.

"బావగారు అన్నారంటే చేస్తారు" అంది మరదలు. మా ఆవిడ మాత్రం ఏనుగు వైపు జాలిగా చూసింది.

పద్ధతి నాకు తెలుసు. బొమ్మని సగం దాకా మట్టిలో పాతి, పైకి కనిపించే సగం మీద సిలికాన్ పోయాలి. అది రబ్బరులా గట్టిపడ్డాక తిరగేసి రెండో సగం. ఏ మట్టి అన్నది మాత్రం ఆలోచించలేదు. మట్టంటే మట్టేగా! వినాయకుడికి పోగా మిగిలిన బంకమట్టి బకెట్లో ఉండనే ఉంది. మెత్తగా పిసికి, ఏనుగుని నడుం దాకా పాతి, పొద్దున పోద్దాంలే అని పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే ఏనుగు ఉంది, తొండం ఉంది. రెండూ వేరువేరుగా ఉన్నాయి. పొట్ట మీద రంగు అప్పడంలా పొంగింది.

మా ఆవిడ లేచేలోపు తొండాన్ని జిగురుతో అతికించి, నూనె కలిపిన ఆరని మట్టి కొనుక్కొచ్చాను. కొయ్యకి సన్న రంధ్రాలుంటాయి కదా, సిలికాన్ లోపలికి దూరకుండా వాజిలీన్ పట్టించాను. ఈసారి తిరుగులేదనుకున్నాను.

పోసిన సిలికాన్ మర్నాటికి నడుమ గట్టిపడింది. మట్టిని ఆనుకున్న అంచంతా లేతపాకంలోనే ఉంది. వేలు పెడితే తీగలు సాగుతోంది. ఫ్యాన్ కింద పెట్టాను, డాబా మీద ఎండలో పెట్టాను. పక్కన పెట్టిన వడియాలు ఎండాయి గానీ ఇది ఎండలేదు.

సిలికాన్ అమ్మినతనికి ఫోన్ చేశాను.

"మీరు తీసుకున్నది ప్లాటినం రకం సార్. మట్టిలో గంధకం ఉందా?"

"మట్టిలో గంధకమేంటయ్యా? నేను కొన్నది మతాబాలు కాదు."

"కొన్ని నూనెమట్టిల్లో కలుపుతారు సార్. అది తగిలితే ప్లాటినం సిలికాన్ జన్మలో గట్టిపడదు. టిన్ రకమైతే పట్టించుకోదు. లేదంటే గంధకం లేని మట్టి అని అడిగి తీసుకోవాలి. ఇంతకీ చెక్కకి లక్క పాలిష్ పల్చగా రెండు పూతలు వేశారా?"

"వాజిలీన్ రాశాను."

కాసేపు చప్పుడు లేదు. "దేనికి సార్, ఏనుగుకి పెదాలు పగిలాయా?"

వాజిలీన్‌లో నా వేళ్ళు ఎటెటు తిరిగాయో అదంతా సిలికాన్‌లో అచ్చుపడింది. బొమ్మ పోలికలకన్నా నా వేలిముద్రలే స్పష్టంగా వచ్చాయి.

ఇక లాభం లేదని, మా ఆవిడకి నిజం చెప్పి, ఏనుగుని తువ్వాల్లో చుట్టుకుని కొండపల్లి బస్సెక్కాను. అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన తువ్వాలు విప్పి, కళ్ళజోడు సర్దుకుని అడిగాడు.

"ఎవరు బాబూ దీనికి స్నానం చేయించింది?"

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"ఇది తెల్లపొణికి కొయ్య. సన్నసెగ మీద తేమంతా తీసేసి అప్పుడు చెక్కుతాం. తొండం విడిగా చేసి, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తాం. రాత్రంతా తడిలో ఉంచితే మక్కు నిలుస్తుందా? మేం అంత కష్టపడి ఆరబెట్టింది మీరు మళ్ళీ తాగించారు."

తొండం బాగుచేసి రంగులు కొత్తగా వేయమన్నాను. పక్కనే అదే సైజు ఏనుగు ఇంకోటి కనిపిస్తే, దాన్నీ కొనేశాను. సిలికాన్‌కి పెట్టిన డబ్బుతో పోలిస్తే అది చవక.

దసరా మొదటిరోజు కొలువులో రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. అత్తగారు గుంటూరు నుంచి రాగానే తిన్నగా వెళ్ళి, కొత్తగా కొన్న ఏనుగుని చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

"ఎంతైనా మా అమ్మ నాటి పనితనమే వేరు" అన్నారు. తర్వాత రెండోదాన్ని పరీక్షగా చూసి, "ఈ నకలు కూడా బాగానే తీశారు బాబూ. తొండం దగ్గరే కాస్త తేడా కొట్టింది" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ నా కాలు తొక్కింది.