గర్జన చాలు, దగ్గు వద్దు

తుంగభద్ర నీళ్లు, రోడ్ల గుంతలు, మే నెల ఎండ వంటి కర్నూలు సమస్యలను పెద్దలు ఏళ్ల తరబడి చర్చించి అలసిపోయారు కనుక, ఇంతవరకు ఏ వేదిక మీదా ప్రస్తావనకు రాని ఒక జటిల సమస్యను సవినయంగా మీ ముందుంచుతున్నాను. డబ్బు పోసి కొనుక్కున్న మోతలో తనకు నచ్చని భాగాన్ని మాత్రం తీసివేయించుకోవడం ఎట్లా అన్నదే ఆ సమస్య.

మా మేనల్లుడికి 350 సీసీ బండి ఒకటి ఉంది. పాత కార్బరేటర్ రకం. కంపెనీ వాళ్లు బిగించి పంపిన సైలెన్సర్‌ను వాడు విప్పి, మా అక్క పాత చీరలో చుట్టి అటక మీద పడుకోబెట్టి, దాని స్థానంలో పొట్టిదీ, నల్లదీ, లోపల దాదాపు ఏమీ లేనిదీ అయిన ఒక గొట్టాన్ని తగిలించాడు. ఆ గొట్టాన్ని కూడా అంగట్లో సైలెన్సర్ అనే అమ్ముతారు. నోరు మూయించేదని అర్థమున్న పేరును నోరు తెరిపించే వస్తువుకు పెట్టినందుకు నేను వర్తకులను తప్పుపట్టను. పొద్దున లేస్తే కొట్లాటకు దిగే మనిషిని కూడా శాంతయ్యా అని పిలుచుకునే జనం మనం.

మొదటి సాయంత్రం వాడు రాజ్ విహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా నాలుగుసార్లు తిరిగాడు. గర్జన అద్భుతంగా ఉందని మిత్రులు ధ్రువీకరించారు. చిక్కల్లా ఎక్సలేటర్ వదిలినప్పుడే వచ్చింది. బండి నెమ్మదించిన ప్రతిసారీ వెనకనుంచి పట్, పటపట, ఆపైన ఒక ఢాం. సింహం గర్జించి, గర్జన చివర క్షయరోగిలా దగ్గితే ఎట్లుంటుందో అట్లుంది. బురుజు దగ్గర మాత్రం అది సందర్భోచితంగానే ఉందని, ఆ గోడలు ఫిరంగులను ఎరిగినవేనని నేను ఓదార్చబోయాను. వాడు ఓదారలేదు. రాయలసీమ అంటే బాంబుల మోతే అని సినిమాలు దశాబ్దాలుగా చూపిస్తుంటే, కాదు మహాప్రభో అని మనం అంతే కాలంగా మొత్తుకుంటున్నాం. ఆ మొత్తుకోళ్లన్నీ వృథా చేయడానికి నలుగురు పిల్లలూ నాలుగు గొట్టాలూ ఒక సాయంత్రమూ చాలునని నాకు ఆనాడు తెలిసింది.

సమస్య పరిష్కారానికి టీ అంగడి దగ్గర నిపుణుల సంఘం సమావేశమైంది. గొట్టంలో ఇనుప పీచు కూరమని ఒకడు, పెట్రోలు బంకు మార్చమని మరొకడు, ఆ పేలుళ్లే బండికి అందమని, వాటి కోసం బెంగళూరులో వేలు ఖర్చు పెడతారని మూడోవాడు సెలవిచ్చారు. ముగ్గురి మాటా కొంతకొంత విన్నందువల్ల ఖర్చు పెరిగింది, ఢాం తగ్గలేదు.

నిజానికి ఇందులో శాస్త్రం పెద్దగా దాచుకున్నది ఏమీ లేదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. బండిని తయారు చేసినవారు తమ సైలెన్సర్ ఎంత అడ్డుపడుతుందో లెక్క చూసుకుని, దానికి తగినట్టు జెట్టు, అంటే కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ముక్క, అమర్చి పంపుతారు. ఆ అడ్డు తీసివేసి జెట్టును మాత్రం పాతదే ఉంచితే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. ఎక్సలేటర్ మూసిన క్షణంలో అది ఇంకా పలచనై, ఇంజనులో ఒక్కోసారి మంటే సరిగా అంటుకోదు. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, ఇంజను నుంచి సైలెన్సర్‌కు పొగ మోసుకొచ్చే బెండు పైపులోకి వస్తుంది. ఆ పైపేమో కాలిపోయేంత వేడిగా ఉంటుంది. అక్కడ ఎక్కడినుంచైనా కొత్త గాలి దొరికిందా, లోపల జరగవలసిన పని బయట జరుగుతుంది. కంపెనీ సైలెన్సర్‌లోనూ ఇటువంటి చిన్నాచితకా పేలుళ్లు లేకపోలేదు, కానీ అరలూ జాలీలూ దాటి బయటపడేసరికి అవి గుసగుసలైపోయేవి. ఇంటి గొడవ నాలుగు గోడల మధ్య ఉండేది. మావాడు గోడలు పడగొట్టి, గొడవ వినపడుతోందని ఫిర్యాదు చేస్తున్నాడు.

చివరకు, మామ వెంట ఉంటే మెకానిక్ ధర తగ్గిస్తాడన్న దురాశతో నన్ను కూడా బళ్లారి చౌరస్తా వైపున్న ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడి భాయ్ బండిని చూసి, జెట్టు మార్చమన్న మా వాడి మాటను చేత్తోనే ఆపేశాడు.

“జెట్టు సంగతి తర్వాత సార్. ముందు లీకు చూడాల.”

చల్లారిన ఇంజనును స్టార్టు చేసి, మందపాటి గుడ్డతో గొట్టం చివర ఒక్క క్షణం అదిమాడు. ఇంజను తలకు బెండు పైపు కలిసే చోట పాము బుసకొట్టినట్టు వినిపించింది. అక్కడే సన్నటి మసి చార కూడా ఉంది. గొట్టం మార్చినప్పుడు అతుకు దగ్గర పొగ కారకుండా మూసే ప్యాకింగ్ కూడా కొత్తది వేయాలని, పాతది ఒకసారి నలిగాక మళ్లీ సరిగా మూసుకోదని భాయ్ చెప్పాడు. వేలు పోసి గొట్టం కొన్న మా మేనల్లుడు సరిగ్గా ఈ ప్యాకింగ్ దగ్గర పొదుపు పాటించాడు. మా వంశంలో పొదుపు ఎప్పుడూ ఇట్లాంటి చోటనే తలెత్తుతుంది.

కొత్త ప్యాకింగ్ పడింది. నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, ఇంజను వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించారు. ఢాం పోయింది, పటపట మిగిలింది. అప్పుడు ప్లగ్గు విప్పి చూస్తే, బిస్కెట్టు రంగులో ఉండవలసింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, అంటే మిశ్రమం పలచనే. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు అందించే పైలట్ జెట్టును ఒక సైజు పెంచి, మిశ్రమం స్క్రూను పావు తిప్పు చొప్పున సరిచేస్తూ భాయ్ ఆ ఇంజను మాటను ఎంత శ్రద్ధగా విన్నాడంటే, నా మాటను మా ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా విన్న జ్ఞాపకం లేదు. పొగ శుభ్రపడడం కోసం బెండులోకి గాలి పంపే చిన్న గొట్టాన్ని మూసేస్తే ఇంకా తగ్గుతుందని మా వాడు గుర్తుచేశాడు. కాలుష్యం పరీక్షకు వెళ్లేది నువ్వా నేనా అని అడిగి భాయ్ దాన్ని ముట్టుకోలేదు. ఆఖరున, గొట్టంతో పాటు డబ్బాలో వచ్చిన, మోత తగ్గించే డీబీ కిల్లర్ అనే బిరడా ఏమైందని విచారించగా, మా వాడు అన్నిటికంటే ముందు పీకి పారేసింది దాన్నేనని తేలింది. అది అటక మీద పాత సైలెన్సర్ పక్కనే దొరికింది.

2020 ఏప్రిల్ 1 తర్వాత, బీఎస్-6 అనే కొత్త కాలుష్య ప్రమాణంతో వచ్చిన బండ్ల వాళ్లకు ఈ స్క్రూ భాగ్యం కూడా లేదు. వాటికి సెన్సరు ఉంటుంది, లెక్కలు కట్టే కంప్యూటరు ఉంటుంది. ఆ లెక్కలను దారి మళ్లించడానికి మరో డబ్బా కొనాలి. ఒక గొట్టం కోసం యంత్రానికి అబద్ధం నేర్పవలసి రావడం నాగరికత సాధించిన ప్రగతే.

చట్టం విషయానికి వస్తే, నాకు కొంత అసంతృప్తి ఉంది. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనం తయారైనప్పుడు 80 డెసిబెళ్లు మించి మోగరాదని నిబంధన. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను శబ్ద కాలుష్యానికి 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, ఆపైన 3 నెలలు లైసెన్సు రద్దు అంటుంది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలమంటారు. ఇన్ని రాసినవారు గర్జనకూ దగ్గుకూ మధ్య తేడాను ఒక్క చోటైనా గుర్తించలేదు. సర్వజన ఆసుపత్రి గోడ పక్కన పోతున్నప్పుడు లోపలి రోగి ఉలిక్కిపడింది శ్రావ్యమైన శబ్దానికా, కర్కశమైన శబ్దానికా అన్నది తేల్చకుండా జరిమానా వేయడం కళాకారులను అవమానించడమే.

ఏమైతేనేం, బండి బాగుపడింది. ఎక్సలేటర్ వదిలితే ఇప్పుడు అది మర్యాదస్తుడు భోజనం తర్వాత తేన్చినట్టు ఒకటి రెండు సార్లు లోలోపల గొణిగి ఊరుకుంటోంది. మా అక్క సంతోషించింది. ఎదురింటి పసిబిడ్డ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయిందట.

మూడో రోజు మేనల్లుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. టీ అంగడి దగ్గర మిత్రులు వాడి బండిని విని, “ఏం రా, కంపెనీది పెట్టేసినావా?” అని అడిగారట. ఒక్కడు కాదు, ముగ్గురూ అడిగారట. వాడు నన్ను మళ్లీ ఆ షెడ్డుకే లాక్కుపోయి, రోజంతా అక్కర్లేదని, రాజ్ విహార్ సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు మాత్రం కొంచెంగా పేలితే చాలునని తల వంచుకుని విన్నవించుకున్నాడు.

భాయ్ ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుని, స్పానర్ కోసం వెతుకుతూ అడిగాడు.

“ఎన్ని పేలాల? రెండా, మూడా?”