కోరం లేని కొట్టివేత

తనకు అధికారం లేదని కాగితం రాసివ్వడం ఒక విద్య. ఆ కాగితంతోనే అవతలివాడి కేసు కొట్టేయడం మహావిద్య. అమెరికాలోని అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ మహావిద్యను 2010 మే 28న ప్రదర్శించింది. అయిదుగురు జడ్జిలు కలిసి ఇచ్చిన ఆ ఉత్తర్వు సారాంశం ఇంతే: మాకు కోరం లేదు, కోరం లేని కోర్టు ఏ పనీ చేయకూడదు, అందుచేత అప్పీలు డిస్మిస్.

ఆ ‘అందుచేత’ను ఎన్నిసార్లు చదివినా కడుపు నిండదు, మండుతుంది.

ముందు ఆ కోర్టు ఎలాంటిదో చూద్దాం. టెక్సస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల్లోని ఫెడరల్ కేసుల అప్పీళ్లు దాదాపు అన్నీ దాని దగ్గరకే వస్తాయి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఇళ్లు కట్టుకున్న మనవాళ్లు ఫెడరల్ కోర్టులో ఓడిపోతే తొక్కాల్సింది ఆ గడపే. మొత్తం 17 కుర్చీలు, జీవితకాలపు ఉద్యోగాలు. ప్రధాన కార్యాలయం న్యూ ఆర్లియన్స్‌లోని జాన్ మైనర్ విజ్డమ్ భవనం. నల్లవాళ్ల పిల్లలకు బడి తలుపులు తెరిపించిన తీర్పులతో పేరు తెచ్చుకున్న జడ్జి ఆయన. ఆయన ఇంటిపేరుకు అర్థం వివేకం. మిగిలిందేమైనా ఉంటే గోడ మీద ఉంది.

అప్పీలును మామూలుగా ముగ్గురు జడ్జిల బెంచ్ వింటుంది. ఓడిన పక్షం అడిగితే, పనిలో ఉన్న జడ్జిల్లో మెజారిటీ ఒప్పుకుంటే, జడ్జిలందరూ కూర్చుని మళ్లీ వింటారు. దీన్ని ‘ఎన్ బాంక్’ అంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. అయిదో సర్క్యూట్ సొంత నిబంధన 41.3 ప్రకారం, వేరేగా చెబితే తప్ప, ‘మళ్లీ వింటాం’ అన్న ఆ క్షణమే ముగ్గురి తీర్పు రద్దయిపోతుంది. విన్నాక కాదు, వింటామన్నందుకే. కొత్త ఇల్లు కట్టాలని అనుకోగానే పాత ఇల్లు కూలిపోయే ఏర్పాటన్నమాట.

ఇక కేసు సంగతి. 2005లో కట్రీనా తుఫాను మిసిసిపీ తీరాన్ని ఊడ్చేసింది. భూతాపాన్ని పెంచే వాయువులు వదిలి సముద్రాన్ని వేడెక్కించారనీ, తుఫాను బలం అందుకే పెరిగిందనీ అక్కడి ఇళ్ల యజమానులు చమురు, బొగ్గు, విద్యుత్తు, రసాయన కంపెనీల మీద దావా వేశారు. మర్ఫీ ఆయిల్ కేసు అంటారు. కింది కోర్టు 2007లో కొట్టేసింది. 2009 అక్టోబరులో ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ దావాలో కొంత నిలబెట్టింది. మోసం, కుట్ర వంటి ఆరోపణలు పక్కన పెట్టి, న్యూసెన్స్, అక్రమ ప్రవేశం, నిర్లక్ష్యం మీద విచారణ సాగించుకోవచ్చంది. కంపెనీలు ఎన్ బాంక్ కోరాయి.

అప్పటికి 17 కుర్చీల్లో ఒకటి ఖాళీ. మిగిలిన 16 మందిలో ఏడుగురు కేసు నుంచి తప్పుకున్నారు. జడ్జికి గానీ, భార్యకు లేదా భర్తకు గానీ కక్షిదారు కంపెనీలో ఒక్క షేరున్నా తప్పుకోవాల్సిందేనని చట్టం. ఎవరు ఎందుకు తప్పుకున్నారో చెప్పనక్కర్లేదు, చెప్పలేదు. చమురు రాష్ట్రాల కోర్టులో చమురు కేసుకు ఇన్ని కుర్చీలు ఖాళీ అయితే ఊహ మీ ఇష్టం. మిగిలింది తొమ్మిది మంది, కోరానికి, అంటే 16లో సగానికి పైన ఉండాలన్న లెక్కకు, సరిగ్గా సరిపోయే తొమ్మిది. 2010 ఫిబ్రవరిలో వాళ్లు ఎన్ బాంక్‌కు సరేనన్నారు. నిబంధన 41.3 తన పని చేసేసింది, ముగ్గురి తీర్పు పోయింది. తర్వాత, వాదనలు జరగకముందే, కొత్త పరిస్థితులు తలెత్తాయంటూ తొమ్మిదో జడ్జి కూడా తప్పుకున్నారు. మిగిలింది ఎనిమిది.

ఇదే మన మండల పరిషత్తులో జరిగిందనుకోండి. సర్వసభ్య సమావేశం, సభ్యులు 16 మంది, అక్కడా కోరం తొమ్మిదే అనుకుందాం, వచ్చింది ఎనిమిది. ఎంపీడీవో గారు గడియారం చూసుకుని, ఎజెండా కాగితాలు సర్దుకుని, ‘కోరం లేదండీ, వాయిదా’ అంటారు. టీ తాగి వెళ్లిపోతారు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. అంతే.

అదే న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో నడిపితే? అయిదుగురు ఎంపీటీసీలు లేచి, ‘కోరం లేదు కాబట్టి ఏ తీర్మానమూ చేయకూడదని తీర్మానిస్తున్నాం’ అంటారు. మినిట్స్ బుక్కులో అది ఎక్కుతుంది. ఆ తర్వాత: ‘గత నెల ముగ్గురు సభ్యుల సబ్ కమిటీ ఫలానా ఊరికి బోరు మంజూరు చేసింది. దాన్ని మళ్లీ చూద్దామని ఈ సమావేశం పిలిచాం. పిలవగానే మంజూరు రద్దయింది. చూడ్డానికి ఇప్పుడు కోరం లేదు. కాబట్టి బోరు లేదు.’ ఆ సబ్ కమిటీ ముగ్గురూ అక్కడే కూర్చుని ఉన్నారు. ‘సమావేశమే జరగలేదు, మా మంజూరు ఎలా పోయిందండీ?’ అంటారు. ‘పిలిచాం కదా.’ ‘పిలిచారు, జరగలేదు కదా.’ ‘జరగలేదు కాబట్టే దాన్ని తిరిగిచ్చే అధికారం మాకు లేదు.’ ‘మరి తీసేసే అధికారం?’ ‘అది మేం తీయలేదు, రూలు తీసింది.’ ‘ఆ రూలు రాసిందెవరు?’ ‘మనమే. కానీ కోరం ఉన్నప్పుడు.’ సరే, చేతులెత్తండి అంటారు. అయిదు చేతులు ఇటు, మూడు చేతులు అటు. అయిదు గెలిచింది. ఓట్లు లెక్కపెట్టడానికి కోరం అక్కర్లేదు కాబోలు. బోరు కోసం వచ్చిన ఊరివాళ్లు గుమ్మం దగ్గర బిందెలు పట్టుకుని నిలబడే ఉన్నారు.

మండల పరిషత్తు కల్పితమే గానీ ఆ ముగ్గురు కారు. 2009లో తీర్పిచ్చిన బెంచ్ జడ్జిలు డేవిస్, స్టీవర్ట్, డెనిస్. 2010 ఉత్తర్వును వ్యతిరేకించింది కూడా సరిగ్గా ఆ ముగ్గురే. ముగ్గురు ఇచ్చిన తీర్పును, తీర్పిచ్చే అధికారం లేదన్న అయిదుగురు మింగేశారు.

దారి లేక అలా చేశారా అంటే, ఉన్న దారులన్నీ ఆ ఉత్తర్వులోనే వరసగా రాసిపెట్టారు. వేరే సర్క్యూట్ నుంచి ఒక జడ్జిని పంపమని సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తిని అడగొచ్చు. తప్పుకోని జడ్జిలనే లెక్కలోకి తీసుకుని కోరం ఉందనుకోవచ్చు. వేరే గతి లేదు కాబట్టి తప్పుకున్నవాళ్లనే కూర్చోబెట్టొచ్చు. ఎన్ బాంక్‌ను విరమించి ముగ్గురి తీర్పును బతికించొచ్చు. కోర్టు కూర్పు మారేదాకా కేసును పెండింగులో ఉంచొచ్చు. మొత్తం అయిదు దారులు. అయిదూ వద్దన్నారు. కోరం లేని కోర్టు అయిదు ప్రత్యామ్నాయాలు పరిశీలించి, అయిదూ తిరస్కరించి, ఆరోది ఆచరించింది. ఏ పనీ చేయలేని వాళ్లకు ఇది బాగానే పని.

ఆ మూడో దారి కొత్తదేం కాదు. 1980లో జడ్జిల జీతాల పెంపును అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఆపేసిన వ్యవహారం సుప్రీం కోర్టుకు వచ్చింది. దేశంలోని ఫెడరల్ జడ్జిలందరికీ అందులో స్వార్థం ఉన్నదే. అయినా వినేవాళ్లు వేరే లేరు కాబట్టి వినక తప్పదంటూ విన్నారు. సొంత జీతానికి అక్కరకొచ్చిన సూత్రం ఊరివాళ్ల ఇంటికి అక్కరకు రాలేదు.

అయిదో దారి మరీ సులువు. ఖాళీగా ఉన్న పదిహేడో కుర్చీకి జేమ్స్ గ్రేవ్స్ పేరును అధ్యక్షుడు పంపింది 2010 జూన్ 10న. కేసు కొట్టేసిన పదమూడో రోజు. 2011 ఫిబ్రవరిలో సెనేట్ ఆయన్ను ఖరారు చేసింది. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. ఆ కోర్టుకు ఎనిమిదిన్నర నెలలు ఒక లెక్కా?

ఇక్కడ నవ్వు రావడం లేదు. మిసిసిపీ తీరంలోని వేవ్‌లాండ్‌లో, బే సెయింట్ లూయిస్‌లో ఇల్లున్న చోట పునాది ఒక్కటే మిగిలింది. వాళ్లు కేసు గెలిచేవాళ్లని అనడం లేదు. ఫలానా కంపెనీ పొగ వల్లే ఫలానా ఇల్లు పోయిందని రుజువు చేయడం మహా కష్టం, ఓడిపోయే అవకాశమే ఎక్కువ. ఓడించండి! బల్ల మీద కాగితం పెట్టి, ఫలానా కారణంతో మీది తప్పని రాసి, కింద పేరు పెట్టి ఓడించండి. అది జడ్జి పని. జీతం దానికే. కట్రీనా అంటే ఆ కోర్టుకు తెలియంది కాదు. ఆ తుఫానుకు న్యూ ఆర్లియన్స్ వదిలి హ్యూస్టన్‌కు మకాం మార్చి కొన్నాళ్లు అక్కడి నుంచే పని నడిపింది. తను పారిపోవడానికి ఊరు దొరికింది గానీ, పారిపోలేని వాళ్ల అప్పీలుకు ఒక్క జడ్జి దొరకలేదు. దొరకలేదని అనడమూ తప్పే, వెతకలేదు.

పైగా ఉత్తర్వులో ఒక సలహా ఇచ్చారు: సుప్రీం కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది. ఏడాదికి వేలల్లో పిటిషన్లు వస్తే ఆ కోర్టు వినేది అరవయ్యో డెబ్భయ్యో. వాళ్లు వెళ్లారు, అప్పీలును బతికించేలా అయిదో సర్క్యూట్‌ను ఆదేశించమని అడిగారు. 2011 జనవరిలో ఒక్క ముక్కలో తిరస్కరించారు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారు. ఈ అమ్మ రెండోది కూడా చేసి చూపించింది. అప్పీలును ఎవరూ విని తేల్చలేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి వేద్దామని వాళ్లు 2011లో కొత్త దావా వేశారు. కింది కోర్టు 2012లో కొట్టేసింది. 2013 మేలో అయిదో సర్క్యూట్ బెంచ్ అది సరేనంది. కారణం రెస్ జ్యుడికాటా, అంటే ఒకసారి తేలిపోయిన వివాదాన్ని మళ్లీ తేవడానికి లేదు. 2007 నాటి కింది కోర్టు తీర్పును అప్పీలులో ఎవరూ మార్చలేదు కనుక అదే అంతిమం అన్నారు.

ఎన్ బాంక్‌కు తొమ్మిది మంది కావాలి, బెంచ్‌కు ఇద్దరుంటే చాలు. ఈసారి కోరానికి లోటు రాలేదు.