బాల్కనీలో మందు మొక్కలు సరే, మోతాదు ఎవరు చెప్పాలి?

వానలు మొదలవగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బాల్కనీల్లోకి కొత్త కుండీలు వస్తాయి, ఇళ్లలోకి డెంగీ టెన్షన్ వస్తుంది. ఈ రెండింటి చుట్టరికం కుండీ కింద పెట్టిన ప్లేటులో ఉంది. టైల్స్ మీద మరకలు పడకూడదని పెట్టిన ఆ ప్లాస్టిక్ ప్లేటులో కాసిని నీళ్లు నిలిస్తే చాలు, డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేస్తుంది. వారం పది రోజుల్లో అవి రెక్కలొచ్చి ఎగురుతాయి. ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ కషాయం తాగే ఇంట్లో ఆ తిప్పతీగ కుండీ కిందే దోమలు పెరుగుతుంటాయన్నమాట. నిమ్మగడ్డి పెట్టుకుంటే దోమలు రావని నర్సరీవాళ్లు భరోసా ఇస్తారు. దోమల్ని దూరంగా ఉంచేది ఆ గడ్డి నుంచి తీసిన నూనె. కుండీలో ఊరికే నిలబడ్డ గడ్డిని దోమ లెక్కచేయదు.

ఎగతాళికి చెప్పడం లేదు. ఇంట్లో నాలుగు మందు మొక్కలు ఉండటం మంచిదేనని నా అభిప్రాయం. అభ్యంతరమల్లా ఒక్కటే. మొక్కలు ఇళ్లకు తిరిగొచ్చాయి గానీ వాటితో రావాల్సిన హద్దులు రాలేదు. ఎంత తీసుకోవాలి, ఎన్ని రోజులు, ఎవరికి పడదు, ఎప్పుడు కషాయం పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి అనే సంగతులన్నీ వదిలేసి ఆకుల్ని మాత్రం తెచ్చుకున్నాం.

డెంగీ విషయమే తీసుకోండి. జ్వరం వచ్చిన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య చాలామందికి ఒళ్లు చల్లబడుతుంది. బొప్పాయి ఆకు రసం పనిచేసిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. డెంగీ ముదిరేది కూడా సరిగ్గా అప్పుడే. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. రసం తాగారా లేదా అన్నది అప్పుడు అసలు విషయమే కాదు. ఆ ధీమాతో ఇంట్లో ఉండిపోవడమే ప్రమాదం.

తిప్పతీగ కథ ఇంకా చిక్కు. కోవిడ్ కాలంలో ఖాళీ ప్లాట్లలో వేపచెట్లకు అల్లుకున్న తీగను కూడా జనం వదల్లేదు. 2020 సెప్టెంబర్, డిసెంబర్ నెలల మధ్య తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిని తమ దగ్గరికి వచ్చిన ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుర్వేదం, యునానీ లాంటి వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. రోగులు వాడింది అసలు తిప్పతీగేనా, దాని పోలికలున్న మరో తీగా అన్నది తేల్చకుండా నింద వేశారన్నది ఆ శాఖ వాదన. 2022 ఫిబ్రవరిలో రెండింటి మధ్య తేడాలు చెబుతూ ప్రకటన కూడా ఇచ్చింది. మందుకు వాడే తీగ కాండం మీద బొడిపెలు ఉండవు, తెంపితే పాలు కారవు. రెండో దానికి బొడిపెలు, పాలు రెండూ ఉంటాయి. ఈ తగువులో ఎవరిది నిజమైనా ఇంట్లో పెంచుకునేవాళ్లకు మాత్రం తప్పించుకునే దారి లేదు. తప్పు తిప్పతీగదే అయితే మోతాదు తెలిసి ఉండాలి, వేరే తీగదైతే గుర్తుపట్టడం తెలిసి ఉండాలి. రెండూ తెలియకుండా పరగడుపున గ్లాసుడు తాగేవాళ్లే ఎక్కువ.

మోతాదు అనేది ఇంట్లో తేలే లెక్క కాదు. మాత్ర మీద ఐదు వందల మిల్లీగ్రాములని అచ్చు వేసి ఉంటుంది. పది తులసి ఆకుల్లో ఏముందో ఎవరు చెబుతారు? ఎండ, వయసు, సీజన్, రకాన్ని బట్టి ఆకులో సరుకు మారిపోతుంది. మందు మొక్కలు, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. ఆ సంస్థ యూజినాల్ (తులసికి ఘాటైన వాసన ఇచ్చే పదార్థం) ఎక్కువగా ఉండేలా సిమ్-ఆయు అనే తులసి రకాన్నే ప్రత్యేకంగా తయారు చేసింది. అంటే మీ కోటలో తులసీ పక్కింటి తులసీ ఒకే మందు అనుకోవడానికి లేదు. జలుబుకు నాలుగాకులు నమిలితే ఈ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నెలల తరబడి రోజూ తాగితే పట్టించుకోవాల్సిందే. అల్లం, పసుపు, వెల్లుల్లి కూడా అంతే. కూరలో వేసుకుంటే భోజనం, గ్లాసుల కొద్దీ కషాయం కాస్తే మందు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లు అలాంటి కషాయాల సంగతి డాక్టర్‌కు చెప్పి తీరాలి.

కలబంద అందరి ఇళ్లలోనూ ఉంటుంది, సరిగ్గా కోసేవాళ్లే తక్కువ. ఆకును మొదలు దగ్గర కోయగానే తొక్క కింది నుంచి పసుపురంగు చేదు రసం దిగుతుంది. అది గట్టి విరేచనకారి. అమెరికాలో మలబద్ధకానికి డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మందుల్లోంచి దాన్ని 2002లోనే తీసేశారు. కోసిన ఆకును గ్లాసులో నిలువుగా నిలబెట్టి ఆ రసం పూర్తిగా కారనివ్వాలి. తర్వాత చెక్కు తీసి, గుజ్జును రెండు మూడు నీళ్లలో కడగాలి. చిన్న కాలిన గాయం మీద రాయడానికి ఇంతకంటే చేతికందే మొక్క ఉండదు. తాగడమంటే మాత్రం వేరే సంగతి, గర్భిణులైతే అసలే వద్దు. కిడ్నీ రాళ్లకని పెంచే రణపాల గురించి ఇంకో మాట. గుండె మీద పనిచేసే విష పదార్థాలు అందులో ఉన్నాయి, ఆ జాతి మొక్కలు మేసి ఆస్ట్రేలియాలో పశువులు చనిపోయాయి. ఒక ఆకు తింటే మనిషికేదో అయిపోతుందని కాదు. రోజూ రెండేసి ఆకులు తినమని సలహా ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి కదా.

ఇక్కడ అమ్మమ్మల ప్రస్తావన రాక తప్పదు. వాళ్లకు అన్నీ తెలుసు, మనం పోగొట్టుకున్నాం అనే మాట సగమే నిజం. మోతాదు, పథ్యం వాళ్లకు తెలుసు. పసిబిడ్డకు వాము ఆకు రసం ఎన్ని చుక్కలో, ఎన్ని పూటలో కచ్చితంగా చెప్పేవాళ్లు. కానీ కషాయానికి లొంగని జ్వరాలకు వాళ్ల దగ్గర మరో మందు లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గరే ఉండేది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది జాగ్రత్త, దాన్ని వదిలేసి గర్వాన్ని పట్టుకున్నాం.

నన్నడిగితే ఈ ఊళ్లో బాల్కనీకి మొదట వాము ఆకు రావాలి. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, రోజుకు నాలుగు గంటల ఎండ చాలు, దగ్గుకు పనికొస్తుంది, వానపడ్డ సాయంత్రం బజ్జీలకూ పనికొస్తుంది. (రెండో ఉపయోగమే ఎక్కువని ఒప్పుకుందాం.) తర్వాత పుదీనా, తులసి. తులసికి వెన్నులు వచ్చినప్పుడల్లా తుంచేయకపోతే కాండం ముదిరి ఆకు తగ్గిపోతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండకు టెర్రస్ మీద కుండీ మట్టి మధ్యాహ్నానికే ఎండి పగుళ్లిస్తుంది, గ్రీన్ నెట్ లేకుండా కుదరదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు అంతకుముందు ఏ పురుగుమందు కొట్టారో మనకు తెలియదు. పాత ఆకులు తీసేసి, కొత్త చిగుర్లు వచ్చాకే నోట్లో పెట్టుకోవడం మేలు. పక్క కుండీలో మందారానికి పిండినల్లి పట్టిందని పురుగుమందు కొడితే గాలికి తులసి మీదా పడుతుంది. దాన్నే మర్నాడు పిల్లలకు ఇస్తాం.

ఇంతకు మించి వైద్యం కావాలంటే ఈ నగరంలో చదువుకున్నవాళ్లు లేకపోలేదు. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. వాడుతున్న ఇంగ్లిష్ మందుల చీటీ పట్టుకెళ్లి అడిగితే రీల్స్‌లో చెప్పే సలహా కంటే నయంగానే ఉంటుంది.

అసలు పట్టించుకోవాల్సింది షుగర్‌కు మందని చెప్పి అమ్మే ‘ఇన్సులిన్ మొక్క’ వ్యాపారాన్ని. ఆ మొక్క ఆకుల్లో ఇన్సులిన్ లేదు. రక్తంలో చక్కెర తగ్గుతుందని జంతువుల మీద, కొద్దిమంది మనుషుల మీద చేసిన పరీక్షలున్నాయి గానీ మాత్రలు ఆపేసేంత రుజువు లేదు. మాత్రలతో కలిపి తింటే షుగర్ పడిపోవచ్చు, మాత్రలు మానేస్తే పెరిగిపోవచ్చు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. సీసాలో పోసి అమ్మే కంపెనీకి ఆ భయం కొంచెమైనా ఉంటుంది. అదే మాట అట్టముక్క మీద రాసి కుండీకి గుచ్చితే అడిగే నాథుడు లేడు. మొక్క శాస్త్రీయ నామం, వాడే భాగం, ‘డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానొద్దు’ అన్న ఒక్క లైను లేబుల్ మీద తప్పనిసరి చేయడం ఉద్యాన శాఖకు పెద్ద ఖర్చేమీ కాదు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాలో స్టాల్ ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టొచ్చు.