వరంగల్ మురికికి ఎగువన ఎవరూ లేరు

కాలుష్యం బారిన పడిన నదీ భాగాల జాబితాను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ఇచ్చింది. దేశం మొత్తం మీద 351, తెలంగాణలో ఎనిమిది. మూసీ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మానేరు పేరుకు ఎదురుగా మాత్రం ‘వరంగల్ నుంచి సోమన్‌పల్లి దాకా’ అని రాసి ఉంది. మానేరు పారేది సిరిసిల్ల, కరీంనగర్ పక్క నుంచి కదా, నడుమ వరంగల్ ఎందుకొచ్చింది?

మానేరు మన ఊరికి రాకున్నా మన మోరీలు మానేరు దాకా పోతాయి కాబట్టి. వరంగల్ మిట్ట మీది ఊరు. ఉత్తరం దిక్కు నీళ్లు వాగుల వెంట మానేరు చేరి గోదావరిలో కలుస్తాయి. దక్షిణం, తూర్పు దిక్కువి ఆకేరు, మున్నేరు పట్టుకుని కృష్ణకు పోతాయి. మూసీ నీళ్లు చూసి నల్లగొండ రైతు హైదరాబాద్‌ను తిట్టుకుంటాడు. మనం తిట్టుకుందామన్నా పైన ఊరు లేదు.

తాగే నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. దేవాదుల దగ్గర గోదావరిని మోటార్లతో ఎత్తి ధర్మసాగర్ దాకా తెచ్చుకుంటున్నాం. అంత కరెంటు కాల్చి పైకి తెచ్చిన నీళ్లను వాడుకుని, శుద్ధి కూడా చేయకుండా చాలావరకు మళ్లీ కిందికే వదిలేస్తున్నాం.

దీనికి ఫ్యాక్టరీల మీద నెపం వేయడం తేలిక. కానీ ఏ పాత కాలనీలోనైనా ప్రహరీ గోడ అడుగున చూడండి, మోరీలోకి తెరిచిన నాలుగంగుళాల పైపు కనిపిస్తుంది. అది సెప్టిక్ ట్యాంకుది. ట్యాంకులో తేరిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోవాలి. జాగా చాలదనో, ఖర్చెందుకనో పైపును మోరీకి కలిపేస్తారు. మోరీ నాలాలో, నాలా చెరువులో కలుస్తుంది. ట్యాంకు నిండితే తోడే లారీలున్నాయి, ఆ మలవ్యర్థాన్ని శుద్ధి చేయడానికి అమ్మవారిపేటలో ప్లాంటూ ఉంది. అయితే లారీకి చిక్కేది ట్యాంకు అడుగున మిగిలిందే, పైపులోంచి రోజూ జారిపోయేది కాదు.

నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే లెక్క బీఓడీ. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నది జాబితాలోకి ఎక్కుతుంది. చెరువులోనైతే లెక్క దాకా పోనక్కర్లేదు, గుర్రపుడెక్కే చెబుతుంది. బతుకమ్మ దగ్గర పడగానే దాన్ని లాగి గట్టున పోస్తారు, పండుగ వెళ్లిన కొన్నాళ్లకే మళ్లీ కమ్ముకుంటుంది. మురుగు అందుతున్నంత కాలం దానికి ఎరువు కొదవ లేదు మరి.

2023 జులై వరదకు భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2024 నవంబరులో చెరువును ఖాళీ చేయడం మొదలుపెట్టి, ఆ తర్వాత పూడికతీతకు దిగారు. చేయాల్సిన పనే, కాదనను. కాకపోతే కట్ట మీద లైట్లకు, నడక దారులకు దొరికినంత సులువుగా నాలా మూతి దగ్గర శుద్ధికి పైసలు దొరకవు. లైట్లయితే ఫొటోలో పడతాయి.

ఇప్పుడు వరంగల్ భూగర్భ డ్రైనేజీకి రూ.4,170 కోట్లు మంజూరయ్యాయి. నా టెన్షన్ ఒక్కటే. పెద్ద పైపులు, శుద్ధి కేంద్రాలు కాంట్రాక్టరుకు లాభసాటి పనులు. ప్రతి ఇంటి పైపునూ మోరీ నుంచి తప్పించి ఆ లైనుకు కలపడం చిల్లర పని. రోడ్డు తవ్వితే గొడవ, ఇంటాయన ఒప్పుకోకపోతే ఇంకో గొడవ. ఆ పని చివరికి నెడితే శుద్ధి కేంద్రం సగం ఖాళీగా తిరుగుతుంది, నాలా ఎప్పటిలాగే పారుతుంది.

అందుకే ప్రతి నాలా ఊరు దాటే చోట నెలనెలా నమూనా తీసి, బీఓడీ ఎంతో అక్కడే బోర్డు మీద రాయాలి. దిగువన ఆ నీళ్లతో పొలం పారించుకునే రైతుకు అది తెలియాల్సిందే. కాంట్రాక్టరు బిల్లులో ఎంతో కొంత భాగాన్ని కూడా, ఎన్ని కిలోమీటర్ల పైపు పూడ్చారని కాకుండా, ఆ అంకె ఎంత తగ్గిందో చూసే ఇవ్వాలి. అప్పుడు ఇంటి కనెక్షన్ల కోసం కాంట్రాక్టరే గడప గడపా తిరుగుతాడు.