పది లీటర్లతో పురుగు చస్తుందా? డ్రోన్ల మీద తిరుగుతున్న సందేశానికి జవాబు

మందు కొట్టే రోజులు రాగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో డ్రోన్‌తో మందు కొట్టడం మీద ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. ఎకరానికి పది లీటర్ల నీళ్లతో పురుగు చావదు, ఇదంతా మోసం అంటుంది. డ్రోన్ కెమెరాతో భూములు కొలిచి లాక్కుంటారంటుంది. మందు గాలికి చెరువులో పడి చేపలు చస్తాయంటుంది. చివర్లో, పదో తరగతి చదివిన డ్వాక్రా ఆడవాళ్లు డ్రోన్లు నడపడమేంటని ఎగతాళి. నాలుగింటినీ ఒకే గాట కట్టలేం. వీటిలో ఒకటి సగం నిజం కూడా.

ముందు పది లీటర్ల సంగతి. పురుగును చంపేది మందు, నీళ్లు కావు. వరిలో కాండం తొలుచు పురుగుకు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ అనే ద్రవ మందు ఎకరానికి 60 మి.లీ. కొడతాం. చేతి స్ప్రేయర్‌తో 200 లీటర్ల నీళ్లు పడితే లీటరుకు 0.3 మి.లీ. డ్రోన్‌లో అదే 60 మి.లీ. పది లీటర్లలో కలుపుతారు, అంటే లీటరుకు 6 మి.లీ. ఎకరం మీద పడే మందు తగ్గలేదు, మోసే నీళ్లే తగ్గాయి.

అయినా "కొట్టించాం, పని చెయ్యలేదు" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. గట్టు మీద మందు కలిపేది చాలాచోట్ల రైతే. లీటరుకు 0.3 అన్న పాత అలవాటుతో పది లీటర్ల ట్యాంకులో 3 మి.లీ. పోస్తే, పడాల్సిన మందులో ఇరవయ్యో వంతే పడుతుంది. పురుగు బతుకుతుంది, చెడ్డపేరు డ్రోన్‌కి వస్తుంది. పైలట్‌కు శిక్షణ ఇస్తున్నారు సరే, ఈ లెక్క రైతుకు ఎవరు చెబుతున్నారు? అసలు లోటు అక్కడుంది.

రెండు మూడు మందులు కలిపి కొట్టే అలవాటుతో ఇంకో చిక్కు. 200 లీటర్లలో కలిసిపోయేవి పది లీటర్లలో చిక్కబడి విరిగిపోతాయి. నాజిల్ (మందు చిమ్మే మూతి) మూసుకుపోతుంది, ఆకులు మాడతాయి. అదే పాళ్లలో గాజు సీసాలో కలిపి అరగంట ఉంచండి. అడుగున గడ్డ కట్టినా, పైన తెట్టు తేలినా, సీసా వేడెక్కినా ఆ కలయిక వద్దు. పొడి మందైతే బకెట్లో ఉండలు లేకుండా కరిగించి, గుడ్డతో వడకట్టాకే ట్యాంకులో పోయాలి.

నాజిళ్లు కూడా చూడాలి. డ్రోన్ సెకనుకు 4 మీటర్లు వెళుతూ 4 మీటర్ల వెడల్పు తడిపితే, మలుపులు వదిలేసి ఎకరానికి సుమారు 4 నిమిషాల 13 సెకన్లు. ఆలోపు పది లీటర్లు దిగాలంటే నాలుగు నాజిళ్లలో ఒక్కోదాని నుంచి నిమిషానికి దాదాపు 600 మి.లీ. రావాలి. ఉత్త నీళ్లు పోసి, ఒక్కోదాని కింద కొలపాత్ర పట్టండి. ఒకదానిలో 400 మాత్రమే వస్తే, ఆ వైపు పొలం పొడుగునా ఒక చారలో పురుగు మిగిలిపోతుంది.

డ్రోన్ అన్నిటికీ పనికిరాదు కూడా. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. గుబురెక్కిన వరిలో పైనుంచి పడే చుక్క అక్కడిదాకా సరిగా దిగదు. నీరు తీసేసి, పాయల్లో నడుస్తూ మొదళ్లు తడిసేలా మనిషి కొట్టడమే మేలు. మొక్కజొన్నలో కత్తెర పురుగు మొవ్వులో ఉంటుంది, దానికి పైనుంచి పడే మందే కావాలి. తలెత్తు చేలో మందు పీలుస్తూ నడిచే బాధ కూడా తప్పుతుంది.

భూముల మాట వట్టి పుకారు. మందు కొట్టే డ్రోన్ ముందున్న చిన్న కెమెరా పైలట్‌కు చెట్టు, కరెంటు తీగ కనపడటానికి. గట్టు మూలల దగ్గర ఫోన్లో పాయింట్లు పెట్టడం చూసి అనుమానం వచ్చి ఉంటుంది. డ్రోన్ ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికే ఆ పాయింట్లు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో వాడిన డ్రోన్లు వేరు. అందులో విస్తీర్ణం తేడా వచ్చిందని ఫిర్యాదులున్న మాట నిజం, ఆ కోపం మందు డ్రోన్ మీద చూపిస్తే లాభం లేదు.

చేపల మాట తోసిపుచ్చలేం. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి పురుగుమందులు కొద్దిగా పడినా చేపలకు ప్రమాదం. డ్రోన్‌ను పైరుకు రెండు మీటర్ల ఎత్తు దాటనివ్వకూడదు. గాలి సెకనుకు 3 మీటర్లు మించితే ఆపెయ్యాలి. తీరం వెంబడి ఊళ్లలో సముద్రపు గాలి ఎక్కకముందే, పొద్దున్నే ముగించడం మంచిది. చెరువు పక్కనున్న మడులను డ్రోన్‌కు వదలకుండా చేతి స్ప్రేయర్‌తో కొట్టుకోవాలి. ఏ మందు ఎప్పుడు కొడుతున్నారో ముందురోజే ఊళ్లో చాటించాలి, పశువులు అటు పోకుండా చూడాలి.

ఇక చదువు. 2021 డ్రోన్ నిబంధనలు పైలట్‌కు అడిగింది పదో తరగతి పాస్, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ. డిగ్రీ ఊసే లేదు. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే కేంద్ర పథకం నమో డ్రోన్ దీదీలో మహిళకు 15 రోజుల శిక్షణ, అందులో ఎరువులు, పురుగుమందులు కొట్టే పాఠమూ ఉంది. డ్రోన్‌తో పాటు గాలి వేగం కొలిచే మీటరు కూడా ఇస్తారు. ఆ మీటరు చూసి "ఇవాళ వద్దు" అనగలిగే డ్వాక్రా అక్క, చూడకుండా ఎగరేసే ఇంజినీరు కంటే నయం.

భోగాపురం విమానాశ్రయం దగ్గరి ఊళ్లవారు మాత్రం పొలం ఏ రంగు జోన్‌లో ఉందో, డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూడాలి. ఎక్కడివారైనా డ్రోన్ వచ్చిన రోజు పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ గుర్తింపు నంబరు చూపించమని అడగండి. అవి చూశాకే మందు డబ్బా మూత తియ్యండి.