కోచ్ గారి ప్రశాంత వదనం

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల పీజీ హాస్టళ్ల తర్వాత అంత జోరుగా పుట్టుకొస్తున్నది లైఫ్ కోచ్‌లేనని నా గట్టి అనుమానం. అంటే సలహా ఇవ్వకుండా, ప్రశ్నలడిగి ఎదుటివాడి దారి వాడే వెతుక్కునేలా చేసేవాళ్లు. నిన్నటిదాకా డెలివరీ మేనేజర్లుగా జనాన్ని ఏడిపించినవాళ్లే ఇవాళ అదే జనాన్ని కూర్చోబెట్టి "ఇప్పుడు నీకేమనిపిస్తోంది?" అని మెత్తగా అడుగుతున్నారు. తప్పు పట్టను, ముడిసరుకు వాళ్లు తయారుచేసిందే కదా.

1995లో పుట్టిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే సంస్థ కోచ్‌లకు ఎనిమిది సామర్థ్యాలు ఉండాలంటుంది. అందులో ఐదోది క్లయింట్ ఎదుట పూర్తిగా మనసుపెట్టి ఉండటం. అంటే తన ఉద్వేగాలను తాను సంభాళించుకోవాలి, మౌనానికి చోటివ్వాలి, జవాబు తెలియకపోయినా కంగారుపడకూడదు. ఇది రాసినవాళ్లు తెలుగువాళ్లను దగ్గర్నుంచి చూసి ఉండరు. ఎదుటివాడు "అన్నా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అన్నప్పుడు, "హోమ్‌లోన్ ఎంత మిగిలింది, అమ్మకి చెప్పావా, మా బావమరిది కంపెనీలో అడగనా" అన్నవి గొంతుదాకా వచ్చేస్తే, వాటిని మింగి గంటసేపు కూర్చోవడం మామూలు తపస్సా? ఆ సంస్థ ఇచ్చే గుర్తింపుల్లో మధ్య మెట్టైన పీసీసీకి 500 గంటల కోచింగ్ చూపించాలి. తెలుగు కోచ్‌లకు ఒక్కో గంటను రెండుగా లెక్కకట్టాలని నా డిమాండ్. అన్నిటికన్నా పై మెట్టైన ఎంసీసీకైతే 2,500 గంటలు. అంతసేపు సలహా ఇవ్వకుండా ఉన్నవాడికి సర్టిఫికెట్ ఏం సరిపోతుంది, ఊళ్లో విగ్రహం పెట్టాలి.

అయితే మనవాళ్లు దీనికి ఒక అడ్డదారి కనిపెట్టారు: ప్రశాంత వదనం. క్లయింట్ అప్రైజల్ గురించి గొంతు పూడుకుపోయి చెబుతుంటాడు, కోచ్ గారు వీడియోలో మూలన తన ముఖం కనిపించే డబ్బానే చూసుకుంటూ చిరునవ్వు కొలత సరిచేసుకుంటుంటారు, లోపల మాత్రం వీడికి ఆర్‌ఎస్‌యూలు, అదే జీతంతోపాటు కంపెనీ ఇచ్చే షేర్లు, ఎన్ని వచ్చుంటాయో లెక్క నడుస్తుంటుంది. "మా నాన్న పోయి నెలైందన్నా, ఊరెళ్లాలంటే భయమేస్తోంది" అన్నా అదే ముఖం, అదే తల ఊపడం, "ఆ భయం నీ ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అన్న అదే ప్రశ్న. మంచి ప్రశ్నే, కానీ అడిగినవాడు అక్కడ లేడు. "నువ్వు చెబుతుంటే నాకూ మనసు బరువెక్కింది" అని ఒక్క మాట అనేసి మళ్లీ అతని దగ్గరికే వెళ్లొచ్చు, దాన్ని ఏ నియమమూ కాదనదు. కానీ అలా అంటే కంట్రోల్ తప్పారనుకుంటారని బెంగ!

అందుకే ఇకపై కోచ్‌లకు పరీక్ష సాయంత్రం ఆరున్నరకు, ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర, క్యాబ్‌లో పెట్టాలి. పక్క సీట్లో క్లయింట్ మేనేజర్‌ని తిడుతుంటాడు, డ్రైవర్ ఆటోవాడితో కన్నడలో గొడవపడుతుంటాడు, ఇంటినుంచి "ట్యాంకర్ వచ్చింది, డబ్బులెవరిస్తారు?" అని ఫోన్. ఇన్నిటి మధ్య చిరాకు పడితే పడనీ, క్లయింట్ చివర చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఆ మాటమీదే ప్రశ్న అడిగినవాళ్లు పాస్. క్యాబ్ అద్దంలో తన ముఖం చూసుకున్నవాళ్లు మళ్లీ ఫీజు కట్టుకోవాలి.